రేగులతండా రోడ్డెక్కింది

రేగులతండాకు తారురోడ్డు మంజూరైనట్టేనని ఎమ్మెల్యేగారు ప్రకటించారు. మంచం మీద కూర్చుని ప్రకటించారు. పాల్వంచ తారురోడ్డు నుంచి తండా దాకా అడవిలో బండ్లు నడవవు గనక, నలుగురు ఆయనను మంచంతో సహా మోసుకొచ్చారు. విలేకరిగా నేను వెనక నడిచాను.

"అయినట్టే అంటే ఏంది సారూ? అయిందా, కాలేదా?" అని రామక్క అడిగింది. తండాలో కాన్పులు చేసేది ఆమే.

ఇంజనీరు జయరాజ్ వివరించాడు. రోడ్డు రావాలంటే ఊళ్లో రెండు వందల యాభై మంది ఉండాలి. రేగులతండాలో ఒకరు తక్కువ.

అందరూ హేమ్లి వైపు చూశారు. ఆమెకు నెలలు నిండాయి.

"ఇంకేంది! చెల్లె కంటది, రోడ్డొస్తది!" అని మండల పార్టీ అధ్యక్షుడు బసవపున్నయ్య చప్పట్లు కొట్టాడు. అభివృద్ధిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు.

"రేపు పాల్వంచ దవాఖానాకు తీస్కపోతున్న," అన్నాడు హేమ్లి భర్త దస్రు. "మొదటి కాన్పుల పిల్ల దక్కలే."

జయరాజ్ ముఖం మారింది. "పాల్వంచలో పుడితే పాల్వంచ జనాభా. ఈ ఊరి లెక్కలోకి రాదు."

"దవాఖానాకు పోనీకే గదా సారూ, మేం రోడ్డు అడిగేది?"

"అవ్ తమ్మీ. రోడ్డొచ్చినంక నిమ్మళంగ పోండ్రి," అన్నాడు బసవపున్నయ్య. "ఈ ఒక్క కాన్పు ఊరి కోసం ఈడ కానీ."

అప్పుడే హేమ్లికి నొప్పులు మొదలయ్యాయి. రామక్క కడుపు తడిమి, "నాకు భయమైతున్నది. జల్దీ మోయుండ్రి," అంది.

"సారూ, జర మంచం దిగుండ్రి," అన్నాడు దస్రు.

ఎమ్మెల్యేగారు దిగారు. ఆ క్షణం నుంచి పాదయాత్ర చేస్తున్నట్టు ప్రకటించారు.

"ఊరు దాటితే లెక్క పోతది!" అని బసవపున్నయ్య మంచానికి అడ్డం నిలబడ్డాడు.

ఎమ్మెల్యేగారు గడ్డం గోక్కున్నారు. "ఊరు దాటకుండా తీసుకుపోదాం."

బసవపున్నయ్యకు వెంటనే అర్థమైంది. తండా మొదట్లో పాతిన 'రేగులతండా' బోర్డు పీకి భుజాన వేసుకుని, మంచం ముందు ఉరికాడు. బోర్డు ఎక్కడుంటే ఊరు అక్కడున్నట్టేనని జయరాజ్ నడుస్తూనే నిర్ధారించాడు.

"ఓ పున్నయ్యన్నా, మెల్లగ పో! ఊరు ఉరుకుతున్నది, మేం అందుకుంటలేం!" అని మోసేవాళ్లు అరిచారు.

వాగులో నీళ్లు నడుము దాకా వచ్చాయి.

"పున్నయ్యా, ఊరు తడుస్తది, పైకి లేపు!" అన్నారు ఎమ్మెల్యేగారు.

"నీ ఊరు పాడుగాను! మంచం సక్కగ పట్టు!" అని హేమ్లి దస్రును తిట్టింది.

తారురోడ్డు ఎక్కగానే ఇక ఆగదంది రామక్క. బసవపున్నయ్య రోడ్డు పక్కన బోర్డు పాతాడు. రామక్క చీర అడ్డం కట్టించింది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడ్చింది. దస్రు కూడా ఏడ్చాడు.

"రెండు వందల యాభై!" అన్నాడు జయరాజ్.

"బొడ్డు కోయకముందే మాట నిలబెట్టుకున్నాం," అన్నారు ఎమ్మెల్యేగారు. "చూడండి, రేగులతండా తారురోడ్డు మీద ఉంది!"

జయరాజ్ బోర్డును, తారురోడ్డును కలిపి ఫోటో తీసుకున్నాడు. ఇక కొత్త రోడ్డు వేయాల్సిన పని లేదన్నాడు. నేను మొదటి పేజీకి వార్త పంపాను. పాల్వంచ బస్సు ఆపి తల్లీబిడ్డలను దవాఖానాకు పంపారు.

నాలుగో రోజు వాళ్లు తిరిగొచ్చారు. బస్సు సరిగ్గా బోర్డు దగ్గర ఆగింది. "రేగులతండా, దిగాలె!" అని కండక్టరు కేకేశాడు. దస్రు పిల్లనెత్తుకుని అడవి బాట పట్టాడు. వెనక హేమ్లి.

ఫారెస్టు గార్డు కర్ర అడ్డం పెట్టాడు. "ఏ ఊరు మీది?"

"రేగులతండా."

"మరి ఊరు ఇడిసిపెట్టి అడివిలకెందుకు పోతున్నరు?"