ఇసకదిబ్బ తీర్మానం

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఈ సంగతి అడవి అయిపోయి సముద్రం మొదలయ్యే చోట జరిగింది. ఆ రెంటికీ మధ్య, ఊదాపూల తీగ అల్లుకున్న పొడుగాటి ఇసకదిబ్బ ఒకటి ఉండేది. అడవి రికార్డుల్లో దాని పేరు ‘నివాస దిబ్బ’.

నివాసులు గుల్లపీతలు. వీటికి వెనక భాగం మెత్తన. అందుకని చచ్చిన నత్తల గుల్లలు ఏరుకుని, వాటిలో దూరి, ఇంటిని వీపు మీద మోసుకుంటూ తిరుగుతాయి. ఒళ్ళు పెరిగితే ఇల్లు మారతాయి.

వీటికో ఆచారం ఉంది. పెద్ద ఖాళీ గుల్ల ఎక్కడైనా కనబడితే దాని కోసం కొట్టుకోవు. సైజు వారీగా లైను కడతాయి. అన్నిటికన్నా పెద్దది కొత్త గుల్లలోకి మారుతుంది. అది వదిలిన దాంట్లోకి తర్వాతది, అది వదిలిన దాంట్లోకి ఆ తర్వాతది. చివరికి మిగిలేది అతి చిన్న గుల్ల ఒక్కటే. ఇల్లు లేని పీత మాత్రం మిగలదు. సినిమాహాలు దగ్గర తప్ప మరో లైను చూసి ఎరగని నాకు, ఇది చూసినప్పుడు కొంచెం సిగ్గేసింది.

ఆ దిబ్బ మీద నెమలి కన్ను పడింది. అడవి సభకి వచ్చి పురి విప్పింది. నెమలికి పురే బ్రోచరు. దాని నిండా కళ్ళే, ఒక్కటీ చూడదు.

“అధ్యక్షా, సముద్రానికి ఎదురుగా ముందు వరస! అలాంటి చోట గుల్లల్లో కాపురాలా? పక్క అడవివాళ్ళు చూస్తే మన పరువేం కాను? అక్కడ ‘సాగర విహార్’ కట్టిస్తాను.”

అధ్యక్ష స్థానంలో ఎలుగుబంటి. ఇప్పపూలు తిని కునుకు తీస్తున్నదల్లా ఒక కన్ను తెరిచింది. “ముందు వరస ఎవరికి?”

“సభ్యులకే అధ్యక్షా. మిగతా జంతువులకి అలల చప్పుడు వినబడేంత దూరంలో.”

ఎలుగుబంటి రెండో కన్ను కూడా తెరిచింది.

చిక్కు ఒక్కటే. నివాస దిబ్బని విహార దిబ్బగా మార్చాలంటే నివాసుల ఒప్పుకోలు కావాలి. చిక్కులు విప్పడానికి ప్లానింగ్ అధికారి ఉడుము ఉంది. ఉడుము పట్టు సంగతి మీకు తెలుసు. ఫైలు పట్టుకుంటే వదలదు. ఆ ఫైలు కింద ఎవరైనా ఏదైనా పెడితే, దాన్నీ వదలదు.

“నివాసులే కదా అడ్డం? అసలు నివాసం అంటే ఏమిటో తేలుద్దాం,” అంది ఉడుము. “కదలని ఇల్లే ఇల్లు. కదిలేది సామాను. సామానుని ఎవరైనా ఒప్పుకోలు అడుగుతారా?”

నేను కాలేజీలో తర్కశాస్త్రం చదివాను. నిర్వచనం కంచె లాంటిదిరా, లోపల ఎవరు, బయట ఎవరు అన్నది కంచె పాతేవాడి ఇష్టం అనేవారు మా మాష్టారు. ఆయన రిటైరయ్యాక పక్కింటివాడు ఆయన ప్రహరీని రెండడుగులు లోపలికి జరిపాడు. సరే, అది వేరే కథ.

సభలో ప్రతిపక్షం కూడా ఉంది. కోతి. అది కొమ్మ మీద నిలబడి గుండెలు బాదుకుంది. “పేద పీతల పొట్ట కొడతారా? దిబ్బలో ఒక్క గుంజ దిగినా ఊరుకోను!”

రెండు రోజుల తర్వాత కోతికి రెండో వరసలో మూల ప్లాటు ఖాయమైంది. మూడో రోజు అదే కొమ్మ మీద నుంచి అంది: “అభివృద్ధికి నేనెప్పుడూ అడ్డు కాదు. గుంజలు మాత్రం మన అడవి కర్రతోనే చెయ్యాలి. ఈ విషయంలో రాజీ లేదు.”

అభ్యంతరాలు చెప్పుకోమని తాటిచెట్టు మొవ్వులో నోటీసు అంటించారు. సర్వేకి మూడు రోజుల ముందు, దిబ్బకి దూరంగా ఉన్న రాళ్ళగుట్ట మీద ఉడుము ఒక పెద్ద శంఖం తెచ్చి పెట్టించింది. కబురు తెలిసి పీతలన్నీ గుట్టెక్కి, ఆచారం ప్రకారం లైను కట్టాయి. అదే సమయానికి ఉడుము దిబ్బంతా తిరిగి రాసుకుంది: ‘నివాసులు: సున్నా. పీతల చోటు: రాళ్ళగుట్ట.’

విచారణ నాడు సభకి నూకాలు వచ్చింది. నూకాలు గుల్లపీతల్లో పెద్దావిడ. బొప్పి కట్టిన ముదురు గుల్ల ఒకటి ఈడ్చుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

“ఏటి బాబూ, నోటీసు తాటిచెట్టెక్కించారంట?”

“అందరికీ కనబడాలనే అంత ఎత్తులో పెట్టాం,” అంది ఉడుము. “సర్వేలో మీరెవరూ లేరమ్మా. ఎక్కడికెళ్ళారు?”

“నువ్వెట్టిన శంఖం కాడికే ఎల్లాం నాయనా. అది పెట్టినోడివి నీకు తెలీదా?”

సభలో ఎవరో దగ్గారు. ఎలుగుబంటి మందలించింది. “సూటిగా చెప్పవమ్మా. నీ బాధేమిటి?”

“గుడ్లు మోస్తన్నాను బాబూ. వచ్చే అమావాస్య పోటుకి వాటిని ఉప్పునీట్లో ఒదలాల. నేకపోతే గుల్లలోనే ఎండిపోతాయి. మమ్మల్ని గుట్ట మీదికి తోలేస్తే నేనేటి సేసేది?”

“ఆ ఏర్పాటు ఆలోచించాం,” అంది నెమలి ముద్దుగా. “నెలకి రెండు కొబ్బరిచిప్పల ఉప్పునీళ్ళు గుట్ట మీదికే పంపిస్తాం. ఉచితం!”

“సముద్రాన్ని సిప్పలో అంపుతావా నాయనా? మరి ఇంకో మాట ఇనండి. ఇల్లు కదుల్తాదని మమ్మల్ని సామానంతన్నారు. ఆ ఇసక కదలదా? వానలకి ఇటొస్తాది, ఎండలకి అటెల్తాది. దాంతోపాటు ఎల్లాలనే కదా మేం ఇంటిని ఈపు మీదెట్టుకున్నాం! ఆ ఊదాపూల తీగ పట్టుకునుంది గనకే దిబ్బ ఈమాత్రం ఉంది. అక్కడ పునాదులేస్తారా?”

సభంతా నవ్వింది. “భూమి కదులుతుందట!” అని కోతి కొమ్మ మీద నుంచి జారిపోయేంతగా నవ్వింది.

తీర్మానం ఉడుము చెప్పింది: “కదిలేది ఏదైనా ఆస్తి కాదు. దాని మీద ఎవరికీ హక్కు లేదు, నష్టపరిహారం అంతకన్నా లేదు.”

రాసుకునేది గుమాస్తా తాబేలు. ఆ మాట విని తాబేలు తల ఒకసారి డొప్పలోకి లాక్కుంది. కాసేపటికి బయటపెట్టి, ఒక్క అక్షరం పోకుండా రాసింది.

పీతల్ని గుట్ట మీదికి తోలేశారు. సముద్రం కనబడటానికి అడ్డంగా ఉందని నెమలి ఆ ఊదాపూల తీగంతా పీకించింది. విల్లాలు లేచాయి. వెనకవైపు గోడ లేచింది. నూకాలు రెండు పగళ్ళు నడిచి గోడ దాకా వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. ఒక్క సందు లేదు. గోడకి అవతల అలల చప్పుడు వినబడుతోంది. నెమలి అన్న మాట నిజమే, వినబడేంత దూరంలోనే ఉంచారు. నూకాలు మళ్ళీ రెండు పగళ్ళు నడిచి గుట్టెక్కింది. అమావాస్య ఇంకో నాలుగు రోజులుంది. కొబ్బరిచిప్పలు రానే లేదు.

అమావాస్యకి ముందు గాలివాన పట్టింది. తీగ లేని ఇసక ఎవరి కోసం ఆగుతుంది? మొదట గోడ కిందనుంచి జారింది, తర్వాత విల్లాల కిందనుంచి. మూడోనాడు తెల్లవారేసరికి దిబ్బ ఉన్న చోట సముద్రం ఉంది. ఇసకంతా లోపలికి కొట్టుకొచ్చి రాళ్ళగుట్ట మొదట్లో పరుచుకుంది. దాని అంచున అలలు ఆడుతున్నాయి.

నూకాలు గుట్ట దిగింది. దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. పోటు తగిలేచోట నిలబడి, గుల్లలోంచి సగం బయటికి వచ్చి, గుడ్లన్నీ నీళ్ళలోకి విదిలించింది. తరవాత కాసేపు అక్కడే కూర్చుంది.

అప్పుడొచ్చారు సభ్యులు, వణుక్కుంటూ. నెమలికి తోకలో మూడే ఈకలు మిగిలాయి. ఎలుగుబంటి తడిసిన గోనెసంచిలా ఉంది. గుట్ట మీదే అత్యవసర సమావేశం పెట్టి, పోయిన విల్లాలకి నష్టపరిహారం అడిగారు.

తాబేలు చదివింది: “కదిలేది ఏదైనా ఆస్తి కాదు. దాని మీద ఎవరికీ హక్కు లేదు, నష్టపరిహారం అంతకన్నా లేదు.”

“కొట్టెయ్ ఆ ముక్క!” అంది ఎలుగుబంటి.

“కొట్టెయ్యాలంటే పదిహేను రోజులు తాటిచెట్టు మీద నోటీసు ఉండాలి అధ్యక్షా,” అంది తాబేలు. “తాటిచెట్టు సముద్రంలో ఉంది.”

వాన మళ్ళీ మొదలైంది. తలదాచుకోవడానికి గుట్ట మీద ఉన్న ఖాళీ ఇల్లు, ఉడుము ఎరగా పెట్టిన ఆ శంఖం ఒక్కటే. అది ఎంత పెద్దదంటే, అన్ని పీతల్లోనూ దానికి సరిపడే ఒళ్ళు ఏదీ లేకపోయింది.

“తీసుకోండి బాబూ,” అంది నూకాలు. “మా ఆచారం తెల్సుగదా. సైజు వారీగా లైను కట్టండి.”

కట్టారు. ఎలుగుబంటి ముందు నిలబడింది. నెమలి దాని ముందు నిలబడింది. ఉడుము నెమలి ముందు, కోతి ఉడుము తల మీద. ఎంతసేపు సర్దుకున్నా ఆ లైనుకి ముందే గానీ వెనక లేదు. ఆ తోపులాటలో శంఖం మాత్రం నాలుగు ముక్కలైంది.

వాన వెలిసింది. నెమలి మూడు ఈకలూ విప్పి, గుట్ట కింద పరుచుకున్న కొత్త ఇసకని పరీక్షగా చూసింది.

“అధ్యక్షా,” అంది, “ముందు వరస!”

నూకాలు గుల్ల సర్దుకుని, చుట్టుపక్కల ఊదాపూల తీగ ముక్క ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తూ నడిచింది.

నీతి: కదిలే ఇళ్ళవాళ్ళని ఎప్పుడూ నమ్మకండి, మనం మునిగే రోజున వాళ్ళు మనతో కలిసి మునగరు.