చూసినందుకు అర్ధణా

గద్వాలలో నేత వాళ్ళ వీధి మొదట్లో బీచుపల్లి అనే అతను మందుల దుకాణం పెట్టి ఏడాది కావస్తోంది. అంతకుముందు పదకొండేళ్ళు దవాఖానలో కంపౌండరు. మందు కలపడంలో చెయ్యి తిరిగినవాడే కానీ కొనేవాళ్ళే లేరు. డాక్టరు చీటీ రాస్తే కదా దుకాణానికి వచ్చేది! చీటీ కావాలంటే దవాఖానలో పొద్దంతా కూర్చోవాలి. కూర్చుంటే ఆ రోజు మగ్గం ఆగినట్టే. అందుకని నేత వాళ్ళు దగ్గుతూనే నేసేవాళ్ళు, నేస్తూనే దగ్గేవాళ్ళు.

ఒకనాడు అన్నం ముందు కూర్చుని భార్య జములమ్మకు తన ఉపాయం చెప్పాడు.

"చిన్నచిన్న రోగాలకు డాక్టరెందుకే? నేనే చూస్త. చూసినందుకు ఒక్క పైస తీస్కోను. మందుకే పైసలు. ఆళ్ల మగ్గం ఆగదు, మన గల్లపెట్టె నిండుతది."

జములమ్మ చారు పోయబోతూ ఆగింది.

"మందు అమ్మితెనే పైస అన్నట్టు. మరి మందు అక్కర్లేనోడొస్తే ఏం చెప్తవు?"

"మందు అక్కర్లేనోడు మందుల దుకాణానికెందుకొస్తడే?"

"నీ కాడికొచ్చినంక అక్కర పడ్తది తీ," అని చారు పోసింది.

నెల తిరక్కుండా దుకాణం ముందు జనం మూగారు. దగ్గుకు ఎర్రమందు, కడుపుకు తెల్లమందు, తలనొప్పికి పచ్చమందు. ఏ రోగమో తేలకపోతే మూడూ. ప్రతి సీసాకూ మోతాదు తెలిసేలా గాట్లు పెట్టిన కాయితం తనే అతికించేవాడు. ఒట్టి చేతులతో వెనక్కి పోయినవాడు లేడు. వీధిలో అతన్ని 'సీసాల బీచుపల్లి' అనసాగారు. అది మెప్పే అనుకున్నాడు.

ఆ వీధిలోనే నేసే బాలన్నకు తలనొప్పి. నాలుగు సీసాలు తాగాడు. ఐదోదానికి వచ్చి కూర్చుని ఉంటే జములమ్మ తలుపు చాటునుంచి అడిగింది.

"అన్నా, తలకాయ ఎప్పుడు నొస్తది?"

"పొద్దుగూకినంక చెల్లె. జరీ అంచు నేసేటప్పుడు."

"దీపం యాడ పెట్టుకుంటవు?"

"ఎదురుంగ."

"పక్కకు పెట్టుకో. జరీ మెరుపు కండ్లల్ల కొడ్తుండొచ్చు."

మూడు రోజుల్లో తలనొప్పి పోయింది. నాలుగో రోజునుంచి జములమ్మను అడగడానికి ఆడవాళ్ళు పెరటి తలుపు తట్టసాగారు. ముందు గదిలో సీసాలతో బీచుపల్లి ఒక్కడే మిగిలాడు.

"ఏమే, నా దుకాణం బంద్ పెట్టిస్తవా ఏంది?"

"నేనేం అమ్ముతలేను కద!"

"గదే నా పరేషాన్!"

మర్నాడు పెరటి తలుపుకు తాళం వేశాడు. అప్పటినుంచి వాళ్ళు దుకాణంలోంచే రాసాగారు. బేరం వచ్చిందనుకుని అతను లేచి నిలబడేవాడు. వాళ్ళు "జర జరుగన్నా" అని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు.

అలా తొమ్మిది రోజులు గడిచాక కిష్టమ్మ చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. లోపలికి పోలేదు. అతని ముందే ఆగింది.

"నిన్నటి సంది ఒకటే విరేచనాలన్నా. తెల్లమందియ్యి, జల్ది పోవాలె. మగ్గం మీద చీర సగమే ఐంది."

బీచుపల్లి చెయ్యి సీసా మీదికి పోయింది. అప్పుడు పిల్లను చూశాడు. ఏడుస్తోంది కానీ కన్నీళ్ళు లేవు. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది. అలాంటి కళ్ళను దవాఖానలో ఎన్నోసార్లు చూశాడు. ఇది చిన్న రోగం కాదు. తెలుసు. అయినా చెయ్యి సీసా మీదే ఉంది.

తలెత్తితే గుమ్మంలో జములమ్మ. ఆమె పిల్లను చూడటం లేదు. అతని చేతిని చూస్తోంది.

"కిష్టమ్మా, గిది నా మందుతోని తగ్గేది కాదు," అని పిల్లను భుజానికెత్తుకుని దవాఖాన దాకా పరుగెత్తాడు. ఉప్పునీళ్ళు ఎక్కించారు. ఇంకో పూట ఆగితే దక్కేది కాదన్నాడు డాక్టరు. మూడో రోజుకు పిల్ల పాలు తాగింది.

పిల్లను దవాఖానలో చేర్చిన రాత్రి బీచుపల్లి అన్నం కంచం పక్కకు జరిపాడు.

"చూడంగనే తెల్సిందే నాకు. తెల్సి కూడ చెయ్యి తియ్యలేదు."

"సీసా పోతేనే మన పొయ్యి వెలుగుతది. బేరమే గట్ల పెట్టుకున్నవు," అంది జములమ్మ మెల్లగా. "చూసినందుకు అర్ధణా తీస్కో. మందిచ్చినా గంతే, ఇయ్యకున్నా గంతే. మందు కొన్న ధరకే ఇయ్యి. పెద్ద రోగమైతే దవాఖానకు తోలు."

"ఉత్త మాటకు పైసలెవలిస్తరే?"

"చూద్దాం."

మర్నాడు మొదట వచ్చినవాడు వెంకటన్న. నడుం నొప్పి. బీచుపల్లి వీపు నొక్కి చూశాడు, ఎంతసేపు నేస్తాడో, ఎలా కూర్చుంటాడో అడిగాడు. తనే బాగా ఆలోచించి చెప్పాడు.

"మందక్కర్లేదు. మగ్గం కాడ నీ పీట జర ఎత్తు చేసుకో. గంటకోపారి లేచి నడువు. అర్ధణా."

"మందియ్యకుంట అర్ధణానా?" వెంకటన్న గొంతు వీధంతా వినిపించింది. "గాలి మాటకు గూడ పైసలా?"

నలుగురు పోగయ్యారు. లోపల జములమ్మ ఏదో దంచుతోంది. బయటికి రాలేదు.

వెంకటన్న గొంతు తగ్గించి దగ్గరకు వంగాడు. "ఇంతకూ గీ మాట ఎవలు చెప్పిన్రు? నువ్వా, జములమ్మనా?"

బీచుపల్లి గుమ్మం వైపు చూశాడు. వెంకటన్న మూసిన పిడికిలి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆమెనే," అన్నాడు.

వెంకటన్న అర్ధణా కళ్ళకద్దుకుని అతని చేతిలో పెట్టాడు.