పది నిమిషాలకో ‘అయిందా?’

మనిషిని మాటిమాటికీ కదిలిస్తేనే పని జరుగుతుంది. ఏకాగ్రత అనేది సోమరిపోతులు కనిపెట్టిన సాకు! కాదనేవాళ్ళు ముందు నా ఉద్యోగం సంగతి వినండి.

నేను కెర్నెల్ మాడ్యూల్స్ రాస్తాను. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి ఇంటి యజమాని. దానికి తెలియకుండా అక్కడ చీమైనా కదలదు. మాడ్యూల్ ఆ ఇంట్లో ఒక గదిలో అద్దెకు దిగినవాడు. ఈ వారం నా పనేమిటంటే, మందులు దాచే ఫ్రిజ్‌ని ‘చల్లగానే ఉన్నావా?’ అని సెకనుకోసారి అడిగే ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, రాయడం.

చిత్రమేమిటంటే, ఆ ఫంక్షన్‌ని పిలిచే టైమర్ ఒక్కసారే మోగుతుంది. మళ్ళీ మోగాలంటే, ఫంక్షన్ వెళ్ళిపోయేముందు తనే దాన్ని మళ్ళీ పెట్టి వెళ్ళాలి. పైగా మధ్యలో కునుకు తీయకూడదు. తీసిందా, మెషీన్ బిగుసుకుపోవచ్చు! ఇంత ఆదర్శ ఉద్యోగి ఎక్కడైనా ఉంటాడా?

ఉంటాడు. మా మేనేజర్!

పది నిమిషాలకోసారి నా కుర్చీ వెనక ప్రత్యక్షమవుతారు.

“అయిందా?”

“ఇంకా లేదు సార్.”

“సరే, పది నిమిషాలాగి వస్తా.”

చూశారా? వెళ్ళేముందే టైమర్ మళ్ళీ పెట్టేసుకున్నారు! ఆయన కునుకు తీయగా చూసినవాడు లేడు. కాఫీ తాగుతున్నా ఒక కన్ను నా స్క్రీన్ మీదే. ఆయనే రాకపోతే నా పని ఎప్పుడు ఆగిందో నాకెలా తెలుస్తుంది? ఆయన వచ్చినప్పుడే కదా ఆగేది!

మొన్న ఐదింటికి మా అమ్మాయి బడిలో నాటకం. మూడో తరగతి చదువుతోంది, దానిది గడియారం వేషం. ముందు వరసలో కూర్చుంటానని నా చేత ఒట్టు వేయించుకుంది.

నాలుగింటికి ఒక్క లైన్ మిగిలింది. మాడ్యూల్‌ని తీసేసేటప్పుడు టైమర్‌ని ఆపే లైన్ అది. లేదంటే టైమర్ మోగి, ఖాళీ చేసిన గదిలో మనిషిని వెతుకుతుంది. ఇల్లు మొత్తం కూలుతుంది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను.

“అయిందా?”

“అయిపోవచ్చింది సార్” అని తల అటు తిప్పాను. మళ్ళీ ఇటు తిప్పేసరికి ఆ లైన్ బుర్రలోంచి ఎగిరిపోయింది. రాసేశాననే అనుకున్నాను!

నాలుగున్నరకి కస్టమర్ ముందు మాడ్యూల్ పెట్టాం. భేషుగ్గా పనిచేసింది. తీశాం. ఒక్క సెకను గడిచింది. మెషీన్ కొయ్యబారిపోయింది, దాని పక్కన నేను కూడా.

అంతా సరిచేసి ఇల్లు చేరేసరికి నాటకం అయిపోయి గంట దాటింది. అట్టముక్క గడియారం సోఫా మీద పడుంది.

“నువ్వు ఎప్పుడొస్తావని అమ్మని అడుగుతూనే ఉన్నా నాన్నా” అంది అమ్మాయి.

“తర్వాత?”

“తర్వాత మానేశా.”

ఏడ్చినా బాగుండేది. టైమరూ అంతే, మళ్ళీ పెట్టకపోతే గోల చేయదు. ఊరికే ఆగిపోతుంది.

నా అదృష్టం కొద్దీ మర్నాడు రెండో ప్రదర్శన ఉంది. “ఈసారి అమ్మ ఫోన్ తీసుకుని నన్నే అడుగు. నాలుగింటి నుంచి రెండు నిమిషాలకోసారి. అస్సలు ఆపొద్దు” అన్నాను.

సరిగ్గా నాలుగింటికి మేనేజర్ వచ్చి నోరు తెరిచారు. ఫోన్ మోగింది.

“నాన్నా, బయల్దేరావా?”

“ఇంకా లేదమ్మా.”

“సరే, మళ్ళీ చేస్తా!”

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఫోన్. ఐదోసారికి ఆయన తానేం అడగడానికి వచ్చారో మర్చిపోయి, రెండు చేతులతో తల పట్టుకున్నారు.

“ఏమయ్యా, ఇలా నిమిషనిమిషానికీ ‘అయిందా, అయిందా’ అని ప్రాణం తీస్తుంటే మనిషి ఏకాగ్రతతో పనెలా చేసుకుంటాడు? వెళ్ళు, ముందు నువ్వు వెళ్ళు!”

విన్నారా? ఏకాగ్రతట! సోమరిపోతుల సాకు!

అయినా పెద్దవారి మాట కాదనలేక సంచి భుజాన వేసుకున్నాను. ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చున్నాను. గడియారం నన్ను చూసి, తన వంతు రాకముందే గంట కొట్టేసింది.