ఏదో ఉడుతాభక్తిగా

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదు, ఏనుగులు కూడా దారి తప్పేంత పెద్దది, ఓ ఏడాది తుఫాను వచ్చి పోయింది. పోతూ పోతూ గూళ్ళూ కలుగులూ పొదలూ అన్నీ ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత మిగిలినవి రెండే, బురదా, పెద్దల సానుభూతీ.

చారమ్మ అనే ఉడుతకి అప్పటికి నెలలు నిండాయి. నేరేడు కొమ్మ మీద అపురూపంగా అల్లుకున్న గూడు కొమ్మతో సహా పోయింది. పుట్టబోయే పిల్లల కింద పరుద్దామని ఎండాకాలమంతా ఏరి దాచుకున్న బూరుగు దూది మాత్రం ఓ గుప్పెడు దక్కింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రేపో మాపో అన్నట్టున్న కడుపుతో నక్క జంబయ్య దగ్గరికి వెళ్ళింది. ఆ అడవిలో ఏ పని కావాలన్నా ముందు జంబయ్య చెవిన వెయ్యాలి. వెయ్యకపోతే పని కాదు. వేస్తే అవుతుందనీ లేదు.

నాలుగు పుల్లలూ కాస్త గడ్డీ ఇప్పిస్తే చాలు, గూడు తనే అల్లుకుంటానంది చారమ్మ.

జంబయ్య నొచ్చుకున్నాడు. "నీ ఒక్కదానికే ఇలా చేతిలో పెడితే దాన్ని ముష్టి అంటారు చెల్లెమ్మా. సాయమంటే ఒక పద్ధతుండాలి. సభ పెడదాం," అన్నాడు.

పద్ధతి ప్రకారం ముందు కమిటీ పుట్టింది. ఏనుగు భూపతిగారు అధ్యక్షులు. ఆయన నిలబడితే వెనకున్నవాళ్ళెవరూ కనపడరు, అధ్యక్షుడికి ఉండాల్సిన లక్షణం అదే. జంబయ్య కార్యదర్శి. ముహూర్తాలకి కొంగ పంతులు. ఎవరేం ఇచ్చారో పైకి చదవడానికి గాడిదని పెట్టుకున్నారు, మైకు అక్కర్లేదని. చారమ్మ మొగుడు తోకయ్యని కూడా వాలంటీరుగా తీసుకుని మెడలో మోదుగాకు బ్యాడ్జీ కట్టారు. బ్యాడ్జీ పడ్డాక అతగాడికి పెళ్ళాన్ని పలకరించే తీరిక లేకపోయింది.

మొదటి సభ మైదానంలో జరిగింది. తొలి విరాళం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. జంబయ్య లేచి, ఇలాంటి చోట ఉడుతాభక్తి అనే మాట అందరం వాడతాం గానీ, అసలు ఉడుత మన మధ్యనే ఉండగా ఇంకొకరి చేత మొదలుపెట్టించడం ఏం మర్యాద అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. చారమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. అంతమంది చూస్తుంటే లేదనలేక, కళ్ళ నీళ్ళు కుక్కుకుని ఆ గుప్పెడు దూదీ తీసి విరాళాలకి పరిచిన విస్తట్లో పెట్టింది. "చారమ్మగారు, గుప్పెడు దూది!" అని గాడిద అడవంతా వినపడేలా చదివింది.

ఆ తర్వాత మిగతావాళ్ళకి దారి దొరికింది. భూపతిగారు తొండంతో ఒక్కటంటే ఒక్క పుల్ల పట్టుకొచ్చి, "ఏదో ఉడుతాభక్తిగా" అన్నారు. అడవిదున్న ఓ గడ్డిపోచ తెచ్చి అదే మాట అంది. చెట్లు పడగొట్టగలిగినవాళ్ళందరూ ఆ పూటకి ఉడుతలైపోయారు. అయినా వచ్చినవాళ్ళు ఎక్కువ గనక సాయంత్రానికి మంచి కుప్పే పడింది.

చారమ్మ కుప్ప దగ్గరికి వెళ్ళబోతే కొంగ పంతులు అడ్డం వచ్చాడు. మూఢం నడుస్తోందట. మూఢంలో ఇంటి కోసం పుల్ల కదపకూడదట. సభలకి పట్టింపు లేదు, పందిళ్ళకి లేదు, ఇళ్ళకే ఉంది. మూఢం వెళ్ళేదాకా కుప్ప ఊరికే పడి ఉండడమెందుకని దాంతో వేదిక కట్టేశారు. పాపం భూపతిగారు అంతసేపూ నేలమీదే నిలబడి మాట్లాడారని అందరికీ బాధగా ఉంది.

వేదిక చూసేసరికి రెండో సభకి విరాళాలు ఇంకా బాగా వచ్చాయి. వాటితో పందిరీ, స్వాగత ద్వారమూ, అధ్యక్షులవారికి ఓ పెద్ద ఆసనమూ అమరాయి. కర్రలు గుచ్చుకుంటాయని ఆసనం మధ్యలో చారమ్మ దూది పరిచారు. ఏనుగుకి గుప్పెడు దూది తెలుస్తుందా అంటారేమో. తెలియక్కర్లేదు, వేసినవాడు ఎవరో తెలిస్తే చాలు. ఇహ మూడో సభకి చారమ్మని వేదికెక్కిస్తామనీ, కడుపు జనానికి కనపడేట్టు కాస్త పక్కకి తిరిగి కూర్చోవాలనీ ముందే చెప్పి ఉంచారు.

ఆవిడ జంబయ్యని వెతికి పట్టుకుంది. ఏడుపు ఆగలేదు. "అన్నా, ఇంక నావల్ల కాదు. పిల్లలు నేలమీద పడితే చీమలు బతకనిస్తాయా? ఎక్కడైనా ఓ మూల చోటు చూపించు," అంది.

"తొందరపడకు చెల్లెమ్మా. నీకు గూడు ఇచ్చేశామనుకో, సభలో బాధితులంటూ ఎవర్ని చూపించాలి? నీకోసం కాకపోయినా, మిగతా బాధితుల కోసమైనా నువ్వు బాధపడాలి," అన్నాడు జంబయ్య.

మూడో సభ రోజు చారమ్మని ఆసనం పక్కనే కూర్చోబెట్టారు. భూపతిగారు ప్రసంగానికి లేచి ముందుకి నడిచారు. కూలిన గూళ్ళతో మొదలుపెట్టి, తన చిన్నతనం మీదుగా తమ తండ్రిగారి దొడ్డ మనసు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ చారమ్మకి నొప్పులు మొదలయ్యాయి. చుట్టూ చూసింది. కింద బురద, చుట్టూ గిట్టలు. ఆసనం ఖాళీగా ఉంది. అందులో తన దూది తెల్లగా కనపడుతోంది. ఇంకొకరిదైతే వెనకాడేదేమో. అది తనదే గనక పాక్కుంటూ వెళ్ళి అందులో దూరింది.

భూపతిగారి ఉపన్యాసానికి అంతు ఉండదని అడవంతా తిట్టుకునేది. ఆ రోజు చారమ్మ ఒక్కతే, ఇంకాస్త మాట్లాడించు దేవుడా అని దణ్ణం పెట్టుకుంది.

దేవుడు విన్నాడు. ప్రసంగం ముగిసేసరికి దూదిలో ముగ్గురు పిల్లలున్నారు, ఎర్రగా, ఇంకా కళ్ళు తెరవకుండా. చప్పట్ల మధ్య భూపతిగారు తృప్తిగా వెనక్కి జరిగి, కూర్చోవడానికి వంగారు. ఆ కొండంత ఒళ్ళు మీదికి దిగుతుంటే చారమ్మ పిల్లల మీద పడుకుని తోక కప్పేసింది.

"కూర్చోకండయ్యా!" అని కేకేశాడు కొంగ పంతులు. జాలితో కాదు. "ఆసనంలో పురుడొచ్చింది. తగిలితే మైల."

భూపతిగారు సగంలో ఆగిపోయారు. అంత ఒంటిని సగంలో ఆపడం చిన్న విషయం కాదు గానీ, మైల అన్నాక ఎవరైనా ఆగాల్సిందే. పంతులు శాస్త్రం చెప్పాడు. బాలింతని కదపకూడదు. పురుడు వెళ్ళి శుద్ధి జరిగేదాకా ఆ ఆసనం మీద గానీ, ఆ వేదిక మీద గానీ, ఆ పందిరి కింద గానీ సభ పనికిరాదు. మూఢం చెప్పినప్పుడు తలూపినవాళ్ళే గనక ఇప్పుడు కాదనడానికి ఎవరికీ నోరు లేదు.

పురుడు వెళ్ళే రోజు వచ్చింది. జంబయ్య శుద్ధికి నీళ్ళు కూడా తెప్పించాడు. సరిగ్గా ఆ పొద్దున్నే పందిరి గుంజ మొదట్లో ఎలుక కన్నమ్మ పురుడు పోసుకుంది. ఆవిడది వెళ్ళేలోపు స్వాగత ద్వారంలో గోరింక పిల్లల్ని చేసింది. తర్వాత వేదిక కింద కుందేలు. ఆ తర్వాత మళ్ళీ కన్నమ్మ. ఎలుకల సంగతి నేను వేరే చెప్పాలా. ఆ వేదికకి శుద్ధి యోగం లేకుండానే పోయింది. తోకయ్య కూడా బ్యాడ్జీ తీసేసి ఇంటికొచ్చాడు. అది పిల్లలకి పక్కగుడ్డగా పనికొచ్చింది.

నిలవడానికి నీడ లేని కమిటీని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మళ్ళీ మైదానంలోనే సభ పెట్టారు, వేదిక కోల్పోయిన కమిటీ సహాయార్థం. భూపతిగారు ఎండలో నిలబడే మాట్లాడారు. తమకంటూ ఒక చోటు లేకపోతే ఎంత కష్టమో పడితే గానీ తెలియలేదంటూ తొండంతో కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న చారమ్మకి అది విని నిజంగానే జాలి కలిగింది. ఎంతైనా తనూ అవన్నీ పడి వచ్చినదే.

విరాళాల వేళకి ఆవిడే ముందు లేచింది. నోట కరుచుకొచ్చిన పుల్ల ఒకటి విస్తట్లో పెట్టింది. చాలా చిన్న పుల్ల. గాడిద చదవబోతుంటే ఆపి, భూపతిగారి వైపు తిరిగి వినయంగా తనే చెప్పింది.

"ఉడుతాభక్తి అనలేనండీ, అదెంతుంటుందో నాకు తెలుసు. ఏదో, ఏనుగుభక్తిగా."

నీతి: ఇల్లు కావాలంటే ఇల్లు అడగకూడదు, సభ పెట్టమని అడిగి, అధ్యక్షులవారు మాట్లాడటానికి లేచేదాకా ఓపిక పట్టాలి.