ఇస్త్రీ చేయని ముఖం

ఆ ఉదయం ఇస్త్రీ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తెరవగానే వెళ్లి ఒక లాప్‌టాప్ కొనాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పెద్ద మేడం ఫొటో దిద్దాలి, సాయంత్రం ఆవిడకు చూపించాలి. పాత లాప్‌టాప్ ముందురోజే ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

మాస్టారు ఇస్త్రీ చేసేది బట్టలకు కాదు, ముఖాలకు. ఆయనది ఫొటో స్టూడియో. ఆయన చేతిలో పడ్డ ముఖం ఏదైనా సరే ముడతా మచ్చా లేకుండా నున్నగా బయటికొస్తుంది. పెళ్లి ఆల్బంలో తమను తామే వెతుక్కోవలసి వస్తోందని విసుగెత్తినవాళ్లెవరో ఆయనకు ఆ పేరు తగిలించారు. అది తన భార్య పనేనని ఆయనకు చాలాకాలంగా అనుమానం.

పెద్ద మేడం ఊరి బడికి హెడ్‌మిస్ట్రెస్. నెలాఖరుకు పదవీ విరమణ. బడి హాల్లో పెట్టడానికి ఆవిడ ఫొటో కావాలన్నారు. అది నచ్చితే ఏడాది పొడుగునా బడి ఫొటోల పని స్టూడియోకే వస్తుంది. కానీ మాస్టారిని కుదురుగా ఉండనివ్వనిది ఆ పని కాదు. ఫొటో దిగాక, గుమ్మం దాకా వెళ్లి ఆవిడ వెనక్కి తిరిగి అడిగిన మాట.

"ఏమయ్యా, ఆ గీతలవీ కాస్త తగ్గించగలవా? ఇన్నేళ్లూ పిల్లల్ని భయపెడుతూనే ఉన్నాను. వెళ్లిపోయాక కూడా గోడెక్కి భయపెట్టడం ఎందుకు?"

మాస్టారు కూడా ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఆవిడ ఎవరినైనా ఏదైనా అడగడం ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఒక్క గీత కూడా మిగలనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాడు.

"మంచి తెర ఉన్నది చూడాలి" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"పక్కన అంకెల మీటలున్నది చూడండి. బిల్లులు కొట్టేది నేను" అంది భార్య. "ధర మాత్రం మనకు అందేలా ఉండాలి."

"అన్నీ ఒకదాంట్లో దొరకవే."

"వెతికితే దొరుకుతాయి. వెతక్కుండా సరిపెట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

పక్కనే కాఫీ తాగుతున్న బావమరిది కప్పు కింద పెట్టాడు. అతనికి తెలియని విషయం లేదు. "షాపు వాళ్లు తెరల మీద పెట్టిన పూలూ చిలకలూ చూసి మోసపోకు బావా. అవి ఎందులోనైనా బాగానే ఉంటాయి. నీ ఫొటో ఒకటి పట్టుకెళ్లి, అన్నిట్లో తెరిచి చూడు."

సలహా బాగుంది. చిక్కంతా అందులోనే ఉందని అప్పటికి తెలియదు. మాస్టారు పెద్ద మేడం ఫొటోను, దిద్దనిదాన్ని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయలుదేరాడు.

షాపులో లాప్‌టాప్‌లు బల్లల మీద వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మాస్టారు తన దగ్గరున్న డబ్బెంతో చెప్పగానే సేల్స్‌మన్ నవ్వు సగానికి తగ్గింది. అయినా అడ్డు చెప్పలేదు. మొదటి లాప్‌టాప్ మేడం నుదురు దాకా చూపించి అక్కడే అలసిపోయింది. రెండోది ముఖమంతా చూపించింది గానీ ఆవిడకు కామెర్లు తెప్పించింది. మూడోదాంట్లో ఆవిడ మరీ వెలిసిపోయింది. ఖరీదైనవాటి దగ్గరికి వెళ్లేసరికి ప్రతి గీతా, ముక్కు మీద కళ్లద్దాల నొక్కులూ, గడ్డం కింద పుట్టుమచ్చా చేత్తో తీసి పట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. మాస్టారు పరవశించిపోయి, ప్రతిదాంట్లో ఫొటో కాపీ చేసుకుంటూ, దేంట్లోనూ తుడవకుండా ముందుకు సాగాడు. ఇంతలో భార్య ఫోన్ చేసింది. లోపల సరిగ్గా వినపడక షాపు వెనక సందులోకి వెళ్లాడు.

"అంకెల మీటలున్నాయా?"

"తెర చూస్తున్నానే ఇంకా."

"తెర మీద బిల్లు కొట్టమంటారా?"

ఆ సంభాషణ అంత తొందరగా తెమిలేది కాదు. ఈలోగా లోపల సేల్స్‌మన్ ఒక విషయం కనిపెట్టాడు. పూల బొమ్మలు చూసి పెదవి విరిచేవాళ్లంతా ఈ ముఖం దగ్గర ఆగిపోతున్నారు. "చూడండమ్మా, గీతగీతా ఎంత క్లియర్‌గా ఉందో!" అని అతను చూపించడం మేనేజర్ కంటబడింది. వెంటనే ఆ ఫొటో అన్ని తెరలమీదికీ ఎక్కింది. చివరికి వీధి వైపు అద్దంలో ఉన్న, గోడంత టీవీలోకీ ఎక్కింది.

తిరిగొచ్చిన మాస్టారిని నాలుగు దిక్కుల నుంచీ పెద్ద మేడం చూసింది. ఆయన చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

"తీసేయండి! ముందు అవి తీసేయండి!"

"ఎందుకు సార్? జనం ఎగబడి చూస్తుంటే!"

కస్టమర్ ఫొటోను బజారుకెక్కించాడని తెలిస్తే ఇక స్టూడియో మొహం చూసేదెవరు? "అది... మా అమ్మగారి ఫొటో" అనేశాడు మాస్టారు నోటికొచ్చింది.

సేల్స్‌మన్ కరిగిపోయాడు. "అమ్మ ముఖం చూపించుకోడానికి సిగ్గెందుకు సార్! ఉండనివ్వండి."

పైగా వీధి టీవీలోకి బొమ్మ ఎక్కించిన టెక్నీషియన్ టీకి వెళ్లాడు. దించడం అతనికే తెలుసట. మాస్టారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఒక బస్ కండక్టర్ లోపలికొచ్చాడు. "బయట ఆ ఫొటో మా పెద్ద మేడందే కదా! అంత పెద్దది పెట్టారేంటి?"

సేల్స్‌మన్ గొంతు తగ్గించాడు. "ఆయన వాళ్లబ్బాయి. పాపం, చూడండి ఎలా అయిపోయారో."

కండక్టర్‌కు అంతా అర్థమైపోయింది, తప్పుగా. "అయ్యో! ఎప్పుడు పోయారు?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా ఫోన్ తీసి నలుగురికి చెప్పాడు. పెళ్లే చేసుకోని మేడంకి ఇంత పెద్ద కొడుకున్న సంగతి కూడా ఆ చేత్తోనే చెప్పాడు.

వార్తకు కాళ్లొచ్చాయి. మేడం ఆ పూట పని మీద బయటికెళ్లి ఉండటంతో బడికి సెలవిచ్చేశారు. పాత విద్యార్థులు ఒక్కొక్కరే షాపు ముందు చేరారు. ఎవరో టీవీ కింద పూలు పెట్టారు.

"మేడం పోలేదండీ!" అని మాస్టారు బయటికొచ్చి మొత్తుకున్నాడు.

"నిజమే బాబూ. అలాంటివాళ్లు ఎక్కడికీ పోరు" అని మందుల షాపు ఆవిడ ఆయన వీపు నిమిరింది.

ఇక చెప్పి లాభం లేదనుకున్నాడు మాస్టారు. గుంపు మధ్య నిలబడి వింటూ ఉండిపోయాడు.

"ఆ కనుబొమల మధ్య నిలువు గీత ఉందే, అది నా వల్లే పడింది" అన్నాడు కండక్టర్. "గోడ దూకి పారిపోతే, వీధులన్నీ వెతికి ఆవిడే పట్టుకొచ్చింది. కొడుతుందనుకున్నా. అన్నం తిన్నావా అంది."

"కళ్ల పక్కన సన్న గీతలు చూడండి" అంది మందుల షాపు ఆవిడ. "అవి నవ్వితే వచ్చేవి. లెక్కల్లో నేను పాసైన రోజు నాకన్నా ముందు ఆవిడే నవ్వింది."

"మెడ మీద నరం నాది" అన్నాడు వెనక నుంచి ఒక లావుపాటి వకీలు. "నా పేరు పిలిస్తే లేచేది."

పొలం గట్లు పంచుకున్నట్టు వాళ్లు ఆ ముఖాన్ని పంచుకుంటున్నారు. మాస్టారు తెర వైపు చూశాడు. సాయంత్రానికల్లా తుడిచేద్దామనుకున్నవన్నీ అవే. అవి పోతే వీళ్లు ఏం చూసి ఈ కబుర్లు చెప్పుకుంటారు? ఆయనకు సిగ్గేసింది. ఇన్నేళ్లుగా ఎంతమంది ముఖాల్లోంచి ఎవరెవరిని చెరిపేశానో అనుకున్నాడు.

"అయిందా?" అని ఒక గొంతు వినిపించింది.

గుంపు రెండుగా చీలింది. మధ్యలో పెద్ద మేడం, చేతిలో గొడుగుతో. వకీలు చెయ్యి అప్రయత్నంగా మెడ మీదికి పోయింది.

"నేను పోయినందుకు నాకేం బాధ లేదు" అందావిడ. "నాకొక కొడుకున్నాడని విన్నాను. వాడెవడో చూద్దామని వచ్చాను."

అన్ని వేళ్లూ ఒకే వైపు తిరిగాయి.

"మేడం... లాప్‌టాప్ కొందామని..."

"మేడం ఏంటి? ఇందాక అమ్మ అన్నావటగా."

"సాయంత్రానికల్లా దిద్దేస్తాను మేడం. ఒక్క గీత ఉండదు" అన్నాడు మాస్టారు. అనగానే ఆ మాట ఆయనకే చేదుగా తగిలింది.

ఆవిడ గోడంత ఉన్న తన ముఖాన్నే చూస్తూ నిలబడింది. కండక్టర్ భయం భయంగా అడిగాడు.

"ఎప్పట్నుంచి వింటున్నారు మేడం?"

"నువ్వు గోడ దూకిన దగ్గర్నుంచి."

కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాల కన్నా కళ్లకే ఆ అవసరం ఎక్కువుంది. "ఇన్నేళ్లూ నేను భయపెట్టాననే అనుకున్నాను. ఈ వెధవలు భయపడనే లేదు" అంది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "దాన్ని ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు ప్రింటు తియ్యి."

అలా మాస్టారికి ఖరీదైన తెర అవసరం తీరిపోయింది. మేడంకి కామెర్లు తెప్పించిన రెండో లాప్‌టాప్‌కే అంకెల మీటలున్నాయి. సేల్స్‌మన్ ఏదో సెట్టింగ్ మార్చగానే కామెర్లు కూడా తగ్గాయి. దాన్నే ఇంటికి తెచ్చాడు.

దిద్దని ఫొటో హాల్లోకెక్కింది, బడి పనంతా స్టూడియోకే వచ్చింది. మొదటి పని ఆ ఆదివారమే. తను పోయానని ఇచ్చిన సెలవుకు బదులుగా పెద్ద మేడం ఆ రోజు బడి పెట్టించింది. అప్పుడు తీసిన గ్రూపు ఫొటోలో నవ్వుతున్న ముఖం ఆవిడది ఒక్కటే.