నొప్పి పట్టీల డబ్బా

ఆ గురువారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, కొత్త పట్టీ, ఎముకల పరీక్ష, ఆపైన ఆఫీసు. పట్టీ అంటే పొట్ట మీద అతికించుకునే హార్మోను పట్టీ. ఆమెకు పుట్టుకతో తలసేమియా. మూడు వారాలకోసారి ఎక్కించే రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోయి, ఆడవాళ్ల హార్మోను తయారు చేయించాల్సిన గ్రంథి చేతులెత్తేసింది. వారానికి రెండుసార్లు పట్టీ మార్చకపోతే ఎముకలు గుల్లబారతాయి. చుట్టాలు దిగారని కిందటి నెల రెండు వారాలు మానేస్తే, "మళ్లీ ఇలా చేస్తే నేనూరుకోను" అని డాక్టరమ్మ గట్టిగానే కోప్పడింది.

రక్తం సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. హార్మోను సంగతి మాత్రం మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. అత్తగారికి చెప్పడానికి నోరు రాక, నాలుగేళ్లుగా ఆ పట్టీల్ని మొగుడి పాత నడుంనొప్పి పట్టీల డబ్బాలో దాస్తోంది. ఇంతకంటే భద్రమైన చోటు ఇంట్లో లేదని ఆమె నమ్మకం.

తెరిస్తే డబ్బా ఖాళీ.

"అవా? నిన్న నేనే వాడానే" అంది అత్తగారు. "మోకాళ్లకి రెండు. మిగిలిన ఒక్కటీ కింది వాటా టైలరుకిచ్చా. పాపం, భుజం పట్టేసిందట."

కోడలు నోటికొచ్చింది అనేసింది. "అవి గడువు తీరిపోయినవి అత్తయ్యా!"

ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. అత్తగారు మోకాళ్ల పట్టీలు పీకి చెత్తబుట్టలో పడేసి, దబదబా మెట్లు దిగి, "నీకు విషం అంటించాను నాయనా!" అని బావురుమంది. అప్పటిదాకా హాయిగా మిషను తొక్కుతున్న టైలరుకు వెంటనే కళ్లు తిరిగాయి. కోటు వేసి చూసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, ఒక చెయ్యి ఇంకా కుట్టని ఆ కోటుతోనే కారు తీశాడు. "మా కోడలి డాక్టరమ్మ దగ్గరికి పోనీ బాబూ!" అంది అత్తగారు. కోడలు వెనక సీట్లో కూలబడింది.

డాక్టరమ్మ టైలరు భుజం చూసింది. తరవాత కోడలి మొహం చూసింది.

"దీనికి గడువు తీరలేదు. ఒక్కరోజుకి ఈయనకేమీ కాదు. కానీ ఇది నొప్పి మందు కాదు. ఎవరి మందో వాళ్లే చెప్పాలి."

"నాదే" అంది కోడలు. ఆ తరవాత మొత్తం చెప్పేసింది, ఒంటిచెయ్యి కోటు పెద్దమనిషి వింటున్నాడని కూడా చూడలేదు.

"రక్తం ఎక్కినప్పుడల్లా నీ పక్కన కూర్చునేది నేనే కదే. నా దగ్గరా సిగ్గు?" అంది అత్తగారు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోడలు కూడా ఏడ్చింది, కానీ నాలుగేళ్లలో అంత తేలిగ్గా ఎప్పుడూ అనిపించలేదు. డాక్టరమ్మ ఇచ్చిన కొత్త పట్టీ వేసుకుని పరీక్షకు వెళ్లింది. ఎముకల బలం ఇంకేమీ తగ్గలేదు.

సోమవారం పొద్దున అత్తగారు మెట్ల మీద నుంచి కేకేసింది. "పట్టీ మార్చావా?"

కోడలు జవాబు చెప్పేలోపే కింది వాటాలోంచి టైలరు అడిగాడు. "గడువు చూసుకున్నావామ్మా?"

అతని భుజం నొప్పి మాత్రం మళ్లీ రాలేదు.