లేని పంటి నొప్పి

మనిషి నోట్లో ఎన్ని పళ్ళుండాలో ప్రకృతి నిర్ణయిస్తుందని చాలామంది భ్రమపడుతుంటారు. ప్రకృతి తయారుచేసేది ముసాయిదా మాత్రమే. తుది జాబితాను పళ్ళ ఆసుపత్రి కంప్యూటరు విడుదల చేస్తుంది. రెండింటికీ తేడా వస్తే కంప్యూటరు మాటే చెల్లుతుంది. ఎందుకంటే ప్రకృతికి పాస్‌వర్డు లేదు.

ఈ సంగతి నాకు తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు తెలిసింది. ఎడమ వైపు కింది దవడ పన్ను ఒకటి వారం రోజులుగా నన్ను మనిషిలా బతకనివ్వడం లేదు. బుగ్గ వాచిపోయి, ఒక పక్కనుంచి చూస్తే కడుపునిండా తిన్నవాడిలా, ఇంకో పక్కనుంచి చూస్తే అప్పుడే పదవి ఊడినవాడిలా ఉన్నాను. దుకాణాల ఇనప షట్టర్లు బాగుచేయడం నా పని. షట్టరు కిందికి లాగినప్పుడల్లా ఆ మోతంతా వచ్చి సరిగ్గా ఆ పంటి మొదట్లో దిగేది. చివరికి మా ఆవిడే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చింది. నొప్పెక్కడ అని ఆమె అడిగితే, "అటువైపు ఎక్కడో" అని మాత్రం చెప్పాను. అంత గట్టి నొప్పికి అంత వదులు చిరునామా ఇవ్వడానికి నా కారణాలు నాకున్నాయి.

కౌంటరు దగ్గరి అమ్మాయి నా వివరాలు కొట్టి, తెర వంక చూసి, ఎంతో మర్యాదగా, "తొమ్మిదేళ్ళు ఎక్కడికెళ్ళారు అంకుల్?" అంది. జైలుకెళ్ళొచ్చినవాణ్ణి చుట్టాలు కూడా ఇంత సూటిగా అడగరు. నేను నీళ్ళు నమిలాను. (ఆ వారంలో నేను నమలగలిగింది అదొక్కటే.) ఆ అమ్మాయి గైర్హాజరు సంజాయిషీ పత్రం చేతికిచ్చింది. అందులో కారణాలు మూడే ఉన్నాయి: ఊళ్ళో లేను, పళ్ళు లేవు, ప్రాణం లేదు. మొదటిదానికి ప్రయాణపు టికెట్లు జతచేయాలి. రెండోదానికి నోటి ఫొటో, ఇద్దరు గెజిటెడ్ అధికారుల సంతకాలు. మూడోదానికి ఏమీ అక్కర్లేదు. అందుకని ఎక్కువమంది మూడోదే ఎంచుకుంటారట. ఆ లెక్కన అక్కడ వైద్యం చేయించుకునేవాళ్ళలో నూటికి అరవై మంది కీర్తిశేషులే. నేనూ వాళ్ళలో చేరాను. "థాంక్యూ అంకుల్, కూర్చోండి," అంది.

లోపల డాక్టరు కుర్రవాడు, కొత్తవాడు. నోరు తెరవమని, చిన్న అద్దం పెట్టి చూసి, తెర చూసి, మళ్ళీ నోరు చూశాడు. పొడుగాటి ఇనప పుల్లతో ఒకచోట టకటకా కొట్టాడు. నేను కుర్చీలోంచి జానెడు లేచాను.

"నొప్పెక్కడండీ?"

"మీరు కొట్టినచోటే."

"అక్కడ మీకు పన్ను లేదు కదా."

"మరి దేన్ని కొట్టారు?"

ఆయన ఇబ్బందిగా చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "వ్యక్తిగతంగా నాకు పన్ను కనిపిస్తోందండి. కానీ ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను."

తెర నా వైపు తిప్పాడు. ఎడమ కింది ఆరో పన్ను: తీసివేయడమైనది. రోగి సహకారం: అత్యుత్తమం.

ఇక్కడ కొంత పాత చరిత్ర చెప్పక తప్పదు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే పన్ను తీయించుకోవడానికి ఇదే కుర్చీలో కూర్చున్నాను. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పటి డాక్టరు పట్టకారు తీసి, గాలిలో రెండుసార్లు మూసి తెరిచి చూసుకున్నాడు. (రోగి ముందు అది అవసరమా అన్నది నా ప్రశ్న.) అంతలో ఆయనకి ఫోనొచ్చింది. ఆయన అటు తిరిగాడు. నేను మెడకి కట్టిన ప్లాస్టిక్ గుడ్డతో సహా వెనక తలుపులోంచి బయటపడ్డాను. ఆసుపత్రివాళ్ళకి ఇంజెక్షన్ పొడవగానే 'తీసివేయడమైనది' నొక్కేసే అలవాటు. ఆ తర్వాత చేతులకి గ్లౌజులుంటాయి, నొక్కడం కుదరదు. నేనేమో ఇంటికెళ్ళి, తిమ్మిరెక్కిన మూతితో, పీకేశారని చెప్పాను. ఒకే అబద్ధాన్ని రెండు కార్యాలయాలు దేనికది విడిగా నమోదు చేసుకున్నాయన్నమాట. తొమ్మిదేళ్ళలో రెంటికీ ఒక్క అక్షరం తేడా రాలేదు.

మా ఆవిడ ఆ వారం చెల్లెలి పురుటికి వెళ్ళవలసింది. వెళ్ళలేదు. పదిహేను రోజులపాటు అన్నీ మెత్తగా ఉడికించి, చల్లార్చి, గిన్నె నా చేతికిచ్చింది. పదకొండో రోజున ఇక చాల్లే అందామనుకున్నాను గానీ అప్పటికి నాకు అలవాటైపోయింది. తర్వాత బావమరిది పన్ను నొప్పని మూలిగినప్పుడల్లా నా అనుభవం చెప్పి ధైర్యం నూరిపోశాను. చెప్పగా చెప్పగా ఆ పంటికి వేర్లు మూడయ్యాయి. డాక్టరు కుర్చీకి కాలు తన్నిపెట్టి లాగాడు. నేను కిమ్మనలేదు.

ఇప్పుడా పన్ను ఉందని రుజువైతే నొప్పి పోతుంది. నొప్పితో పాటు ఇంకేం పోతుందో, హాల్లో నా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా ఆవిడని చూస్తే అంచనాకి అందడం లేదు.

డాక్టరు నన్ను మేడమీది దంత జాబితా విభాగానికి పంపాడు. అక్కడి అధికారిని పళ్ళ రిజిస్ట్రారుగారంటారు. ఆయనవి రెండు వరసలూ కట్టుడు పళ్ళే. సొంత పళ్ళున్నవాళ్ళు పక్షపాతం చూపిస్తారని ఆ పదవికి తీసుకోరట. ఆయన నా నోట్లోకి తొంగికూడా చూడలేదు సరికదా, ఫైల్లోకి చూశారు.

"లేని పంటికి నొప్పి ఉండటం మీద మాకేం అభ్యంతరం లేదండి," అన్నారు. "పన్ను ఉండటం మీదే ఉంది."

అయినా ఆయన మనసున్న మనిషి. కొత్తగా మొలిచినట్టు రాసేసుకుందామన్నారు. ఆ రోజు తారీఖే పుట్టినరోజుగా వేశారు. పంటి వయసు సున్నా అనగానే కంప్యూటరు నన్ను పిల్లల విభాగానికి పంపేసింది. అక్కడి డాక్టరమ్మ తలకి కుందేలు చెవులు తగిలించుకుని ఉంది. "అబ్బో, మన బాబు పన్ను ఎంత పెద్దదో," అంది. నాకు యాభై మూడేళ్ళు. పాలపళ్ళు పీకడం తమ పద్ధతి కాదనీ, ఏడేళ్ళు ఓపిక పడితే దానంతటదే ఊడుతుందనీ, ఊడినప్పుడు ఏడవకూడదనీ చెప్పి, చొక్కాకి మెరిసే స్టారు అంటించింది. బడి మానేశాక నాకొచ్చిన మొదటి స్టారు అది. బడిలో ఉండగానూ రాలేదనుకోండి.

తిరిగొస్తే రిజిస్ట్రారుగారు ఇంకోటి ఆలోచించి పెట్టారు. ఫైలు ప్రకారం నా పన్ను నా నోట్లో లేదు. నోట్లో ఒక పన్ను ఉంది. కాబట్టి అది వేరెవరిదో అయుండాలి. దొరికిన వస్తువుల కింద నోటీసు బోర్డుకి ఎక్కించారు: 'దవడ పన్ను ఒకటి దొరికినది. పోగొట్టుకున్నవారు గుర్తులు చెప్పి తీసుకువెళ్ళగలరు.' పది నిమిషాల్లో ఇద్దరొచ్చారు. మొదటాయన పై దవడదన్నాడు, పంపేశారు. రెండో ఆయన లోపలి పక్క నల్లమచ్చ, అంచున చిన్న పెచ్చు ఊడటం, అన్నీ చూసినట్టు చెప్పాడు. అన్నీ సరిపోయాయి. నాకే అనుమానం వచ్చింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, నోరింకొంచెం పెద్దగా తెరవమన్నాడు. పోగొట్టుకున్నప్పటి రసీదు లేదని రిజిస్ట్రారుగారు ఆపబట్టి సరిపోయింది.

ఇక మిగిలింది పునరుద్ధరణ. అసలు జరిగినదేమిటో సొంత దస్తూరీతో రాసివ్వాలి. దాన్ని హాల్లో మైకులో చదువుతారు. ఆపైన, నాతో పదేళ్ళకి తక్కువ కాకుండా ఒకే ఇంట్లో ఉన్న సాక్షి సంతకం పెట్టాలి. మా మంగలి పెట్టొచ్చా అని అడిగాను. నా మొహాన్ని ఆయనంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు. మంగలి పరిధి పెదవుల దాకానేనట.

"మీ ఆవిడ కిందే ఉన్నారుగా," అన్నారు రిజిస్ట్రారుగారు.

సరిగ్గా అప్పుడే, కంప్యూటరు ప్రకారం లేనిచోట, ఒక పోటు వచ్చింది. నాలుగు లైన్లు రాసిచ్చేశాను.

ఆయన వాటిని మైకులో రైలు ఆలస్యపు ప్రకటనలా చదివారు. హాల్లోనివారికి మనవి. సదరు రోగి తొమ్మిదేళ్ళ కిందట వెనక తలుపు గుండా పారిపోయిన కారణంగా సదరు పన్ను నేటికీ నోటిలోనే ఉన్నదనియు, తీయబడినదని ఇంటి యందు చెప్పినది అబద్ధమనియు తెలియజేయడమైనది. అభ్యంతరాలున్నవారు చెయ్యెత్తగలరు.

ఆరు చేతులు లేచాయి. అభ్యంతరం ఎవరికీ లేదు. ఆ తలుపు ఎటువైపో కావాలి. "ఇప్పటికీ తీసే ఉంటుందా బాబూ?" అని ఒక పెద్దావిడ అడిగింది. చెప్పాను. ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు, ఫోను వచ్చినట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని లేచి వెళ్ళారు. కౌంటరు అమ్మాయి ఒక్కొక్కరి పేరు పక్కనా 'తీసివేయడమైనది' నొక్కుకుంటూ వచ్చింది. ఆ రోజు లక్ష్యం భోజనాల వేళలోపే పూర్తయింది. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

మా ఆవిడ మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. నేనే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"పదిహేను రోజులు," అంది.

పదకొండో రోజున చెబుదామనుకున్నానన్నాను. అది నా పక్షాన పనికొచ్చే సాక్ష్యం కాదని అన్నాక తెలిసింది.

"మీ ఆయన పంటి పాటి చెయ్యలేదా అక్కా నేను, అని మా చెల్లి ఇప్పటికీ అంటుంది. దానికేం చెప్పేదాన్నో తెలుసా మీకు? మూడు వేర్లటే, పాపం, అనేదాన్ని."

రిజిస్ట్రారుగారు ఫారమూ పెన్నూ పట్టుకుని స్వయంగా మెట్లు దిగొచ్చారు. వెనకే కుర్ర డాక్టరు, తొడుక్కున్న గ్లౌజులు పైకెత్తి పట్టుకుని, సంతకం పడితే చాలు పీకేద్దామన్నంత ఉత్సాహంగా నిలబడ్డాడు. సాక్షి చేయవలసిందల్లా ఒక వాక్యం కింద సంతకం: 'పై వ్యక్తి నాకు చిరకాలంగా తెలుసుననియు, ఆయన నిజమే చెబుతారనియు ధ్రువీకరిస్తున్నాను.'

మా ఆవిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

"ఇందులో మొదటి సగానికి పెట్టొచ్చాండీ?"

"మొత్తానికేనమ్మా."

పెన్ను మూత పెట్టి ఆయన చేతికిచ్చేసింది. "అయితే నేను పెట్టలేనండి."

ఇన్నేళ్ళ సర్వీసులో చదివాక సంతకం పెట్టిన సాక్షిని గానీ, చదివి పెట్టని సాక్షిని గానీ తాను చూడలేదని రిజిస్ట్రారుగారు ఆమెకి నమస్కారం పెట్టారు. డాక్టరు గ్లౌజులు విప్పేశాడు. సాక్షి లేనిదే చెల్లవని నా నాలుగు లైన్లూ నాకే తిరిగిచ్చేసి, నా పన్ను లేదని నిర్ధారిస్తూ ఫైలు మూసేశారు. తొమ్మిదేళ్ళుగా లావెక్కుతూ వచ్చిన ఆ ఫైల్లో నిజమన్నది ఇప్పుడొక్కచోటే ఉంది: సాక్షి సంతకం కోసం వదిలిన ఖాళీలో.